పాత కూపే కొనేముందు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. రెండు తలుపుల కారు కొనుక్కోవాలని చాలాకాలంగా కోరిక. విశాఖపట్నంలో ఆడి టీటీ 2.0 పెట్రోలు ఆటోమేటిక్, భువనేశ్వర్‌లో నిస్సాన్ 370జెడ్ మాన్యువల్ చూశాను. రెండూ 2012వే, ధరలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: ఏది ఎక్కువ వేగంగా పోతుందన్న సంగతి పక్కన పెట్టి, పాడైతే మీ ఊళ్లో ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతుందో ముందుగా ఆలోచించండి. 370జెడ్‌లోని 3.7 లీటర్ల వీ6 ఇంజనుకు టర్బో (ఇంజనులోకి గాలిని అదనంగా నెట్టే పరికరం) లేదు కాబట్టి దాని మరమ్మతు బాధ తప్పుతుంది. అయితే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ ఆ కారులో గేర్‌బాక్సు ముందు గూటి లోపల ఉంటుంది, అది కారడం మొదలైతే తొక్కిన పెడల్ పైకి లేవదు, గేర్‌బాక్సు దించకుండా దాన్ని మార్చడం కుదరదు. పైగా ఆ ఇంజను మన దారుల్లో అరుదు.

టీటీ ఇంజను అలా కాదు. ఆ కుటుంబపు ఇంజన్లు స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కార్లలోనూ ఉన్నందున వాటిని ఎరిగిన మెకానిక్కులు దొరుకుతారు. వాన కాలంలో మహేంద్రగిరి వైపు ఘాట్లు ఎక్కే మీకు, అది నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే క్వాట్రో రకమైతే మరీ మేలు. అందుకే నేను టీటీ వైపే మొగ్గుతాను, కానీ రెండు షరతులున్నాయి. ఆ కాలపు 2.0 ఇంజన్లలో టైమింగ్ చెయిన్ టెన్షనర్ (వాల్వులను నడిపే గొలుసును బిగువుగా పట్టి ఉంచే భాగం) బలహీనమైనది. అది జారితే చెయిన్ పళ్లు దాటి, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది. టెన్షనర్ మార్చిన బిల్లు అడగండి. ఇంజనాయిలు ఎక్కువగా తాగే అలవాటు కూడా వాటికి ఉంది కనుక, ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోస్తున్నారో కనుక్కోండి. బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజను చల్లగా ఉందని నిర్ధారించుకున్న తరువాతే స్టార్టు చేయించండి. మొదటి క్షణాల్లో గరగర వినిపిస్తే బేరం ఆపండి. గేర్‌బాక్సు ఆయిలు 60,000 కిలోమీటర్లకొకసారి మార్చారా అన్నది రెండో షరతు.

టీటీ బాడీలో అల్యూమినియం పాలు ఎక్కువ. దాన్ని సరిచేయడం మామూలు డెంటింగ్ షెడ్లకు చేతకాని పని కాబట్టి, పాత ప్రమాదపు గుర్తుల కోసం ముందు భాగాన్ని శ్రద్ధగా చూడండి. విశాఖ సముద్రపు గాలిలో తిరిగిన కారు గనుక, వెనకవైపు ఉక్కు భాగాల తుప్పును లిఫ్టు మీద ఎత్తించి పరిశీలించండి.

కాగితాల విషయంలో మాత్రం భువనేశ్వర్ కారే సులువు. ఆంధ్ర నంబరు కారుకు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28పై ఎన్‌ఓసీ తెచ్చి, ఒడిశాలో మళ్లీ పన్ను కట్టి, ఓడీ నంబరు తీసుకోవాలి. ఆ పన్నును కారు ధరకు కలిపి లెక్క వేయండి. రెండింటి రిజిస్ట్రేషనూ 15 ఏళ్లకు, అంటే 2027లో ముగుస్తుంది; ఆపైన తనిఖీలో నెగ్గితే అయిదేళ్లకొకసారి పొడిగిస్తారు కనుక, ఆ ఖర్చును చూపి ఇప్పుడే ధర తగ్గించమని అడగండి.