నడవలేను, తగ్గలేను... ఇంక వదిలేయమంటారా డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. అనంతపురంలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 86 కిలోలు. ఆరేళ్లుగా థైరాయిడ్, నాలుగేళ్లుగా షుగర్ ఉన్నాయి. థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. రెండు మోకాళ్లూ అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. మా పక్కింటావిడ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచి మూడు నెలల్లో 8 కిలోలు తగ్గింది. నేనూ వెళ్లాను. రెండు వారాలకే మోకాలు వాచి మంచం పట్టాను. అన్నం మానేసి సంగటి తిన్నాను. 3 కిలోలు తగ్గి, మళ్లీ 2 కిలోలు పెరిగాను. మధ్యలో ఒకటి రెండుసార్లు చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. నాకు పట్టుదల లేదని ఇంట్లో అంటున్నారు. బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయట, థైరాయిడ్ ఉన్నవాళ్లు వేసుకోకూడదట. నిజమేనా?
- ఒక సోదరి, అనంతపురం

డాక్టర్ సలహా: ముందు ఆ చెమటల సంగతి చూద్దామమ్మా. మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేశారు గానీ, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తుంది. తిండి ఒక్కసారిగా తగ్గించి, మాత్ర మాత్రం పాత డోసులోనే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, గుండె దడ, తట్టుకోలేని ఆకలి దాని గుర్తులు. మళ్లీ అలా అనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంట్లో మీటర్ లేకపోతే ఆలోచించకుండా చక్కెర నీళ్లు తాగేయండి.

షుగర్ పడినప్పుడు వేసే ఆకలికి ఎవరైనా చేతికందింది తినేస్తారు. మళ్లీ పెరిగిన ఆ 2 కిలోల్లో దానికీ వాటా ఉండొచ్చు. పైగా గ్లిమిపిరైడ్‌కి సొంతంగానే కాస్త బరువు పెంచే గుణం ఉంది. మెట్‌ఫార్మిన్‌కి లేదు. బరువు పెంచని షుగర్ మందులు, తగ్గించే షుగర్ మందులు కూడా ఇప్పుడున్నాయి. 'తిండి తగ్గిస్తున్నాను, ఈ మాత్ర మార్చాలా?' అని మీ డాక్టర్‌ని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఇంట్లోవాళ్లు పట్టుదల అంటున్నదానికి ఇక్కడ పెద్ద పాత్ర లేదని నా అభిప్రాయం. మందు ఒకవైపు లాగుతుంటే మీరు ఇంకోవైపు లాగారు, అంతే.

థైరాయిడ్ గురించి రెండు మాటలు చాలు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) అదుపులో ఉంటే బరువు తగ్గకపోవడానికి థైరాయిడ్‌ని తప్పుపట్టలేం. మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట దాకా కాఫీ కూడా తాగొద్దు. మోకాళ్లకని కాల్షియం బిళ్లలు వాడుతుంటే రెంటికీ 4 గంటల ఎడం ఉండాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. పక్కింటావిడ 8 కిలోలు తగ్గింది కదా అని మీరూ అదే లెక్క పెట్టుకున్నారు. ఆవిడ మోకాళ్లు వేరు, మీ మోకాళ్లు వేరు. మీ బరువులో 5 శాతం, అంటే 4 కిలోలకు కాస్త పైన తగ్గినా షుగర్‌లో, బీపీలో తేడా కనిపిస్తుంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం దాదాపు 4 కిలోలు తగ్గుతుంది. కాబట్టి మీ మొదటి మజిలీ 82 కిలోలు. నాలుగైదు నెలలు పట్టినా పర్వాలేదు. ఆ తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నడక తప్ప వ్యాయామం లేదనుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. మీకు ముందు కావలసింది తొడ కండరాల బలం. మిషన్ ముందు కూర్చునే ఉంటారు కాబట్టి, ఒక జాకెట్టు పూర్తయినప్పుడల్లా ఒక కాలు నిటారుగా ముందుకు చాపి, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి దించండి. ఇలా పదిసార్లు, ఆపైన రెండో కాలు. మంచం మీద వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలు వంచకుండా జానెడు ఎత్తు లేపడం ఇంకోటి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం కాస్త బలం వచ్చాక చేయొచ్చు. కటింగ్ నేల మీద కూర్చుని చేస్తుంటే బల్ల మీదకు మార్చండి. తొక్కే మిషన్ అయితే మోటారు పెట్టించుకోండి. మోకాళ్లకు మందుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది ఎక్కువేం కాదు.

అన్ని రోజులకూ ఒకే ప్లాన్ కాకుండా మామూలు రోజుకొకటి, నొప్పి రోజుకొకటి, రెండు ప్లాన్లు పెట్టుకోండి. మీలాంటివాళ్లు వదిలేయడానికి కారణం బద్ధకం కాదని నా రోగులను చూసి చెబుతున్నాను. నొప్పి వచ్చిన రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఆ రోజు సున్నా అవుతుంది, మర్నాడూ సున్నా అవుతుంది, వారానికల్లా 'నా వల్ల కాదు' అనే మాట వస్తుంది. మామూలు రోజున పై వ్యాయామాలు మూడు విడతలు, సాయంత్రం చల్లబడ్డాక చదును నేల మీద పది నిమిషాల నడక. నొప్పి రోజున నడక ఉండదు, కూర్చుని కాలు చాపేది ఒక్కటే, అదీ ఒక్క విడత. అది చేసినా క్యాలెండర్‌లో ఆ తేదీకి టిక్ పెట్టండి, ఎందుకంటే ఆ రోజు మీ పని మీరు చేశారు. వ్యాయామం తర్వాత నొప్పి కాస్త పెరిగి మర్నాటికి తగ్గిపోతే భయం లేదు. మర్నాడూ అలాగే ఉంటే, సగానికి తగ్గించండి. వాపు, ఎరుపు, జ్వరం ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

తిండి విషయంలో మన సీమవాళ్లకు సంగటి మీద ఒక గుడ్డి నమ్మకం. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యంలో కంటే ఎక్కువే. కేలరీలు మాత్రం పెద్దగా తక్కువేం కాదు. పైగా సంగటిలో బియ్యమూ ఉంటుంది. అన్నం మానేసి రెండు ముద్దలు సంగటి, పక్కన ఊరిబిండి, నెయ్యి అంటే బరువు ఎక్కడ తగ్గుతుంది? ఒక చిన్న ముద్ద చాలు. మిగతా కంచం ఆకుకూర పప్పు, కూర, ఒక గుడ్డు లేదా ఉలవ గుగ్గిళ్లతో నిండాలి. ప్రోటీన్ తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది, మోకాళ్లకు అది నష్టం. చెనిక్కాయలు మంచివే, కానీ 100 గ్రాముల్లో 560 కేలరీల పైమాటే, అందుకే పిడికెడు దగ్గర ఆపాలి. ఆదివారం ఉగ్గాని మానక్కర్లేదు, దాని పక్కన బజ్జీలు మానండి. నూనె మనిషికి నెలకు అర లీటరు లెక్కన కొని, అయిపోతే మళ్లీ నెల దాకా కొనకండి. ఇది మీ ఒక్కరి నియమం కాకుండా ఇంటి నియమం కావాలి.

బరువు వారానికి ఒకసారే చూసుకోండి. మొదట్లో చకచకా తగ్గేదాంట్లో నీళ్లే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తే మీరు ఓడినట్టు కాదు. నడుము కొలత రాసుకోండి, టేపు మెడలోనే ఉంటుంది కదా! ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మీరు అక్కడికి చేరకపోయినా నెలకు ఒక సెంటీమీటరు తగ్గితే సంతోషించండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి.

ఇంజెక్షన్ల విషయం. తిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మీకున్న మామూలు థైరాయిడ్ లోపానికి అవి నిషేధం కాదు. మెడ్యులరీ అనే అరుదైన థైరాయిడ్ క్యాన్సర్ మీకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఉంటే వద్దంటాం. మీ బరువుకు, షుగర్‌కు అవి ఆలోచించదగినవే. వాటితో వికారం, వాంతులు రావచ్చు, మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. గ్లిమిపిరైడ్ పక్కన వాడితే షుగర్ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి దాని డోసు తగ్గించాల్సి రావచ్చు. ఎవరో వాడారని మీరు కొనకండి.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) రిపోర్టులు పట్టుకెళ్లండి. మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలేవైనా ఉంటే వాటి అట్టలు కూడా చూపించండి. నొప్పి మాత్రలు ఎక్కువైతే కిడ్నీలకు ముప్పు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే షుగరూ, బరువూ రెండూ పెరుగుతాయి.