ఫిన్లాండ్‌లోని పెటాయావేసి పాత చెక్క చర్చిలో అంత స్పెషల్ ఏముంది?

బయటినుంచి చూస్తే మామూలు చెక్క చర్చే, అసలు మజా అంతా లోపలే ఉంది. దీన్ని 1763-65లో యాకో లెప్పానెన్ అనే మేస్త్రి దుంగలతో కట్టాడు, అప్పటికి ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. ప్లాన్ నాలుగు వైపులా సమానంగా ఉండే సిలువ ఆకారం, మధ్యలో ఎనిమిది పలకల చెక్క డోమ్. అంటే నగరాల్లో రాతితో కట్టే పెద్ద చర్చిల డిజైన్‌ని ఆ ఊరి వడ్రంగులు చెక్కలోకి దించేశారన్నమాట! గంట గోపురం మాత్రం తర్వాత 1821లో యాకో మనవడు ఎర్కి కట్టింది.

లోపల గోడలకి రంగుల్లేవు, ఉత్త కలపే, పైకప్పు మీద మాత్రం ఎర్ర రంగుతో ముగ్గుల్లా గీతలుంటాయి. నాకు బాగా నచ్చింది పుల్పిట్, అదే పాస్టర్ నిలబడి వాక్యం చెప్పే చోటు, దాన్ని కిందనుంచి సెయింట్ క్రిస్టోఫర్ బొమ్మ మోస్తున్నట్టు చెక్కారు, చుట్టూ దేవదూతలు, పనితనం కాస్త మోటుగానే ఉంటుంది గానీ అదే అందం.

1879లో కొత్త చర్చి వచ్చాక దీన్ని వాడటం మానేశారు, అందుకే ఎవరూ మోడర్న్‌గా మార్చలేదు, అలా బతికిపోయింది. 1920ల్లో రిపేర్లు చేశారు, 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకెక్కింది.