మాటలు ఇంకా రాని బిడ్డను ప్రీస్కూల్‌కు పంపాలా, ఆగాలా?

మూడేళ్ల రెండు నెలల బాబు గురించి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ఇది జవాబు. బాబుకు ఇప్పటికి పాతిక మాటల దాకా వచ్చాయి కానీ, రెండు మాటలు కలిపి చెప్పడం లేదు. ఏదైనా కావాలంటే పెద్దవాళ్ల చేయి పట్టుకుని అక్కడికి తీసుకువెళతాడు. చెప్పినదంతా అర్థం చేసుకుంటాడని ఆమె నమ్మకం. పిల్లల్లో పడితే వాడే మాట్లాడతాడు, వెంటనే చేర్పిద్దామని భర్త అంటున్నారు. బాబు వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలు వచ్చాయి, కంగారెందుకని అత్తగారు అంటున్నారు. ఒక బడివాళ్లు మాటలు వచ్చాక తీసుకురమ్మన్నారు. బాత్రూంకు వెళ్లాలన్నా, ఎవరైనా కొట్టినా చెప్పుకోలేని బిడ్డను పంపడానికి తల్లికి మనసొప్పడం లేదు. ఈ ఏడే పంపాలా, మరో ఏడాది ఆగాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు సూటిగా జవాబు చెబుతాను. ఏడాది ఆగవద్దు. అలాగని బడికి వెళితే మాటలు వాటంతట అవే వచ్చేస్తాయన్న ఆశతోనూ పంపవద్దు. ముందు వినికిడి పరీక్ష, ఆ వెంటనే స్పీచ్ థెరపిస్ట్ చేత పరిశీలన చేయించి, వాటితో పాటే తగిన బడి వెతికి, మొదట్లో పూటకు కొద్ది గంటల చొప్పున పంపండి. థెరపీ స్థానంలో బడి గానీ, బడి స్థానంలో థెరపీ గానీ సరిపోవు.

రెండేళ్ల వయసులో మాటలు తక్కువగా ఉన్న పిల్లల్లో చాలామంది తరువాతి ఒకటి రెండేళ్లలో తోటివారిని అందుకుంటారు కాబట్టి, ఆ వయసులో కొంతకాలం గమనిస్తూ ఆగుదాం అనడంలో కొంత అర్థం ఉంది. మీ బాబు ఆ దశ దాటాడు. సాధారణంగా పిల్లలు రెండేళ్లు వచ్చేసరికి రెండేసి మాటలు కలుపుతారు. మూడేళ్లకు చిన్న చిన్న వాక్యాలు చెబుతారు, వాళ్లు చెప్పేదానిలో ముప్పాతిక వంతు కొత్తవారికి కూడా అర్థమవుతుంది. ఈ లెక్కన చూస్తే ఇది వేచి చూడవలసిన ఆలస్యం కాదు, పరీక్ష చేయించవలసిన ఆలస్యం. నాన్నకూ ఆలస్యమైందన్న మాట విషయానికి వస్తే, అత్తగారు ధైర్యం చెప్పడానికే అలా అన్నారు గానీ నిపుణులు ఆ మాటను మరోలా వింటారు. కుటుంబంలో మాటల ఆలస్యం ఉందంటే బిడ్డకు భాషా సమస్య ఉండే అవకాశం కాస్త ఎక్కువని అర్థం. కాబట్టి అది ఆగడానికి కారణం కాదు, త్వరపడడానికి కారణం.

పెద్ద తరగతుల విద్యార్థులకు సలహాలు చెప్పే పనిలో ఉన్న నాకు ఈ ప్రశ్న మీద ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్పాలి. చదివింది అర్థం కావడం లేదని, ఏ కోర్సులోనూ నిలదొక్కుకోలేకపోతున్నామని నా దగ్గరకు వచ్చే కొందరి చిన్ననాటి సంగతులు అడిగితే, అప్పట్లో అందరూ "అదే వస్తుందిలే" అని వదిలేసిన మాటల ఆలస్యం బయటపడుతుంది. మాట్లాడే భాష బలహీనంగా ఉన్న పిల్లలకు తరువాత చదవడం, రాయడం కష్టమయ్యే అవకాశం ఎక్కువ. అందరికీ అలా జరగదు. కానీ మూడేళ్ల వయసులో అందే సహాయానికి ఉన్న విలువ పదమూడేళ్ల వయసులో అందే సహాయానికి ఉండదు.

వినికిడి పరీక్ష ముందు అనడానికి కారణం ఉంది. "పిలిస్తే పలుకుతాడు, తలుపు చప్పుడైతే తిరిగి చూస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి" అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. చిన్నపిల్లల్లో జలుబు తరువాత కర్ణభేరి వెనుక నీరు చేరడం మామూలు. అది చాలామందిలో కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది, కొందరిలో నెలల తరబడి నిలుస్తుంది, లేదా మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఉన్నప్పుడు పిల్లవాడు చెవుల్లో దూది పెట్టుకున్నట్టు వింటాడు. తలుపు చప్పుడు వినబడుతుంది, అచ్చుల మోత వినబడుతుంది, కానీ స, ష, త, క వంటి మెత్తని ధ్వనులు జారిపోతాయి. ఒక రోజు బాగా, మరో రోజు మందంగా వినబడితే బిడ్డ ఏ మాటను పట్టుకుని నేర్చుకుంటాడు? నొప్పి ఉండకపోవచ్చు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడియాలజిస్ట్, అంటే వినికిడిని పరీక్షించే నిపుణులు, మూడేళ్ల పిల్లలకు పరీక్షను ఆటగా చేస్తారు: చప్పుడు వినబడినప్పుడల్లా బిడ్డ ఒక దిమ్మెను డబ్బాలో వేయాలి. ఆ ఆట ఆడలేకపోయినా, బిడ్డ జవాబుతో పని లేకుండా వినికిడిని అంచనా వేసే పరీక్షలు కూడా ఉన్నాయి.

ఇక "అన్నీ అర్థం చేసుకుంటాడు" అన్న మాట. మీ నమ్మకాన్ని శంకించడం లేదు గానీ, ఇంట్లో పిల్లలు మాటలను కాక మన చూపును, చేతి సైగను, రోజూ జరిగే పనుల వరుసను పట్టుకుని గ్రహిస్తుంటారు. మీరు బూట్లు చేతిలోకి తీసుకుని "పద, బయటికి వెళదాం" అంటే, ఆ మాట అర్థం కాని బిడ్డ కూడా తలుపు దగ్గరకు పరుగెడతాడు. ఒకసారి సైగ లేకుండా, అటువైపు చూడకుండా, సమయం కాని సమయంలో "నీ బంతి తెచ్చి కుర్చీ కింద పెట్టు" అని చెప్పి చూడండి. చేస్తే, అర్థం చేసుకోవడం బాగుందనడానికి అది మంచి సూచన. తడబడితే, ఆ సంగతి థెరపిస్ట్‌కు తప్పక చెప్పండి, ఎందుకంటే అర్థం చేసుకోవడంలోనూ ఆలస్యం ఉన్న బిడ్డకు కావలసిన సహాయం వేరు, ఎక్కువ. అలాగే నచ్చినదాన్ని మీకు చూపించాలని వేలు చూపుతున్నాడా, పేరు పిలిస్తే మీ ముఖం వైపు చూస్తున్నాడా, బొమ్మలతో ఊహించి ఆడుతున్నాడా అన్నవి కూడా గమనించండి. వాటిలో లోటు కనబడితే ఆటిజం పరిశీలన కూడా చేయించమని వైద్యులు చెప్పవచ్చు. ఆ మాట విని భయపడి వెనక్కి తిరిగి రావద్దు. వచ్చిన మాటలు పోతున్నట్టు అనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఇప్పుడు బడి సంగతి. పిల్లల్లో పడితే మాట్లాడతాడన్న మీ భర్తగారి మాటలో సగం నిజం ఉంది. తోటిపిల్లలు ఉన్నచోట మాట్లాడవలసిన అవసరాలు పుట్టుకొస్తాయి, పాటలు, ఆటలు రోజూ ఒకే వరుసలో వస్తాయి, ఇంట్లోలాగా అడగకముందే అన్నీ చేతికి అందవు. మిగతా సగం ఏమిటంటే, మూడేళ్ల పిల్లలు తమతో మాట్లాడే పిల్లలతోనే ఎక్కువ ఆడతారు. మాటలు లేని బిడ్డ పక్కన కూర్చున్నా అతణ్ణి దాటుకుని వెళ్లిపోతారు. అందులో చెడ్డతనం ఏమీ లేదు, ఆ వయసు స్వభావమే అది. కనుక ఆ బిడ్డను ఆటలో కలిపే పెద్ద మనిషి గదిలో లేకపోతే, ముప్పై మంది మధ్య ఉన్నా అతను రోజంతా ఒంటరిగానే గడుపుతాడు.

అందుకే బడి ఎంచుకునేటప్పుడు భవనాన్ని, బొమ్మలను, పుస్తకాల సంచిని పక్కనబెట్టి, ఒక అరగంట తరగతిలో ఓ మూల కూర్చుని చూడనివ్వమని అడగండి. నేను చూసిన రెండు తరగతులు చెబుతాను. ఒకచోట ఒక పాప నీళ్ల సీసా మూత రాక, టీచరు దగ్గరకు వచ్చి సీసా చాచింది. టీచరు దాన్ని అందుకుని "నోటితో చెబితేనే ఇస్తాను, చెప్పు, ఓపెన్ అను" అన్నారు. పాప చూసింది, పెదవులు బిగించింది, కాసేపటికి సీసా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఇంకోచోట ఒక బాబు ఊడిపోయిన బూటు పట్టుకుని వచ్చాడు. ఆ టీచరు మోకాళ్ల మీద కూర్చుని, తన ముఖం అతని ముఖానికి ఎదురుగా తెచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆగారు. నాలుగైదు క్షణాలు గడిచాయి. బాబు "బూ" అన్నాడు. "బూటు! బూటు ఊడింది. తొడుగుదాం" అంటూ తొడిగారు. పక్కనున్న పిల్లను పిలిచి "వీడి రెండో బూటు ఎక్కడుందో ఇద్దరూ వెతకండి" అన్నారు. మీకు కావలసింది ఆ రెండో టీచరు. ఆమెకు ప్రత్యేక శిక్షణ ఉందో లేదో నాకు తెలియదు. ఆ ఆగడం, ఆ "బూ"ను మాటగా స్వీకరించి ఒక మాట కలిపి తిరిగి ఇవ్వడం, ఇంకో బిడ్డను అందులోకి తేవడం, థెరపిస్టులు తల్లిదండ్రులకు నేర్పేది సరిగ్గా ఇవే.

మాటలు వచ్చాక రమ్మన్న బడి గురించి బాధపడకండి. అక్కడ చేరి ఉంటే మీ బాబు దాదాపు ఆ నీళ్ల సీసా పాప ఉన్నలాంటి తరగతిలోనే ఉండేవాడు. మీరు వెళ్లిన ప్రతిచోటా ఒక ప్రశ్న అడగండి: "మా బాబు రోజంతా ఒక్క మాటా మాట్లాడకపోతే మీరేం చేస్తారు?" జవాబు చెప్పే ముందు ఆలోచించే మనిషి దొరికితే మంచిది. తరగతిలో పిల్లలు తక్కువగా ఉండాలి, ప్రతి కొద్దిమందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. గది మరీ మారుమోగకూడదు, ఎందుకంటే రొదలో మాటను విడదీసి వినడం చిన్నపిల్లలకు పెద్దవాళ్లకంటే చాలా కష్టం. రోజులో ఏది తరువాత ఏదో బొమ్మలతో గోడ మీద చూపించే బడి అయితే ఇంకా నయం. సైగ లేకుండా చెప్పినవి చేయగలుగుతున్నాడని తేలితే, మామూలు పిల్లలు చదివే బడే మీ బాబుకు సరిపోతుందని నా అభిప్రాయం. అర్థం చేసుకోవడంలోనూ బాగా వెనకబడినట్టు తేలితే, కొంతకాలం ప్రత్యేక శిక్షణ ఉన్న చిన్న బృందంలో చేర్చమని థెరపిస్ట్ చెప్పవచ్చు. అది జీవితాంతపు ముద్ర కాదు, తరువాత మారవచ్చు.

చెప్పుకోలేడన్న మీ భయం న్యాయమైనది, దానికి దారి కూడా ఉంది. బాత్రూం, నీళ్లు, నొప్పి, వద్దు, అమ్మ, ఈ ఐదింటికి ఐదు సైగలో, ఐదు బొమ్మల కార్డులో ఇంట్లో ముందే అలవాటు చేయించి, అవే బడిలోనూ వాడమనండి. సైగలు నేర్పితే మాటలు రావన్నది అపోహ. అవి మాట్లాడడాన్ని ఆపవు, చాలామంది పిల్లలకు మాటకు మెట్టవుతాయి. మీ బాబు భాషను ఒక కాగితం మీద రాసి టీచరుకు ఇవ్వండి. "బబ్బ" అంటే నీళ్లా, నిద్రా అన్నది ఆ ఇంటికి తప్ప ఎవరికీ తెలియదు కదా.

ఇంట్లో రెండు భాషలు వినబడుతుంటే ఒకటి మానేయనక్కరలేదు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మాటల ఆలస్యం రాదు, మీకు సహజంగా వచ్చే భాషలోనే మాట్లాడండి. బడిలో నడిచే భాష కూడా ఇంట్లో వినే భాషే అయితే బాబుకు భారం తగ్గుతుంది. "అను, అను" అని వెంటపడడం తగ్గించి, అతను చేస్తున్నదాన్ని చిన్న మాటల్లో మీరే చెబుతూ, అతను "కారు" అంటే మీరు "ఎర్ర కారు" అనండి. ఫోను, టీవీ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించవద్దని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని చెప్పింది.

చేరిన మొదటి వారాల్లో బాబు ఏడవవచ్చు, ఉన్న మాటలు కూడా బడిలో వాడకపోవచ్చు. దాన్ని చూసి మానిపించకండి. మూడు నెలల తరువాత టీచరు, థెరపిస్ట్, మీరిద్దరూ కూర్చుని మాట్లాడండి. కొత్త మాటలు వచ్చాయా, రెండు మాటలు కలుస్తున్నాయా, ఎవరో ఒక బిడ్డ పక్కన చేరి ఆడుతున్నాడా? ఇవేవీ లేక, ఉదయం బడి పేరెత్తితేనే ముడుచుకుపోతుంటే, ఆ బడి మార్చండి. బడి ఆలోచననే వదిలేయనక్కరలేదు.

ఈ వారంలోనే వినికిడి పరీక్షకు సమయం తీసుకోండి. వెళ్లేలోగా ఒక చిన్న నోటు పుస్తకంలో బాబు అనే పాతిక మాటలూ అతను పలికినట్టే రాసి, పక్కన వాటి అర్థం, ఎప్పుడు అంటాడో కూడా రాసి పెట్టుకోండి. థెరపిస్ట్ అడిగే మొదటి ప్రశ్నల్లో అది ఒకటి, మూడు నెలల తరువాత పోల్చి చూసుకోవడానికీ మీ చేతిలో ఉండేది అదే.