హెడ్ బిగించాక టక్ టక్

ప్రశ్న: మా పాత ఆరు సిలిండర్ల డీజిల్ లారీకి నేనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద లీకు రాకుండా వేసే పొర) మార్చాను. పొద్దున స్టార్ట్ చేస్తే గట్టిగా టక్ టక్‌మంటోంది, వేడెక్కాక తగ్గుతోంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి లోడు తీసుకెళ్లాలి. టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, వేడెక్కాక తగ్గుతోందన్న మాటే నీ లేఖలో అసలు ఆధారం. హెడ్ దించేటప్పుడు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి పంపే గొట్టం) కూడా విప్పి ఉంటావు కదా, దాని పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వేశావా? అక్కడ సందుంటే పొగ తన్ని అచ్చం టాపెట్ (వాల్వును నొక్కి తెరిచే భాగం) మోతలాగే వినిపిస్తుంది. ఇనుము వేడికి వ్యాకోచించి సందు పూడితే మోత తగ్గుతుంది. కాజీపేటలో ఒక బండికి ఈ సంగతి తెలియక నేను రోజంతా టాపెట్లతో కుస్తీ పట్టాను. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జాయింటు దగ్గర నల్లటి మసి చారలు వెతుకు. స్టార్ట్ చేసి, ఫ్యానుకు దూరంగా ఉండి, అగరుబత్తి పొగ చూపించు. లీకున్న చోట చెదిరిపోతుంది.

అక్కడ ఏమీ లేకపోతే టాపెట్లు చూడు. ఏ సిలిండర్ టాపెట్ సందు సెట్ చేస్తున్నావో దాని రెండు వాల్వులూ మూసి ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) కొలత నీ ఇంజిన్ మాన్యువల్‌లోదే తీసుకో, పక్క బండిది వద్దు. వేడి మీద కొలవాలో చల్లగా కొలవాలో కూడా అందులోనే ఉంటుంది.

కింద నుంచి బరువుగా దడ్ దడ్‌మంటే మాత్రం వెంటనే ఆపెయ్. అది బేరింగ్ కావచ్చు, ఆ బండితో లోడు ఎత్తకు.