పాటతో పాటు మాటా రికార్డ్ చెయ్యి

ప్రశ్న: మా అమ్మమ్మది తడ మండలం, పులికాట్ ఒడ్డు. ఎనభై దాటాయి. పడవ పాటలు, పెళ్లి పాటలు, గంగమ్మ పాటలు చాలా వచ్చు. కొన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫోన్ పెట్టి పాడమంటే మాత్రం నోరు మెదపదు. మా అన్నయ్యేమో మ్యూజిక్ కలిపి వీడియోలు చేద్దామంటున్నాడు. ఏం చెయ్యమంటారు సార్?
- ఒక డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: రాసుకోవడం మంచిదేనమ్మా, కానీ అది చాలదు. తిరుపతిలో ఉన్నావు కాబట్టి నీకు కొండ చూపించి చెప్తాను. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. కీర్తన కీర్తనకీ రాగం పేరు కూడా వేశారు. అయినా ఆయన పాడిన వరుస మనకు దక్కలేదు. ఇవాళ మనం వినేవి చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్లు గత శతాబ్దంలో కట్టినవే. రాగిరేకులకే ఆ గతి పడితే నీ నోట్‌బుక్ ఎంత?

ఇక అమ్మమ్మ సంగతి. ఎదురుగా ఫోన్ పెట్టి పాడమంటే ఎవరైనా బిగుసుకుపోతారు. నేను రేడియో కోసం ఊళ్లు తిరిగేటప్పుడూ అంతే, మంచి పాట టేపు ఆపి టీ తాగుతుంటే వచ్చేది. అందుకని రికార్డ్ చేస్తానని ముందే చెప్పి, ఆవిడ సరేనన్నాక ఫోన్ పక్కన పెట్టేసి కబుర్లలో పడు. పాట అడగొద్దు. రాయదొరువు దగ్గర సముద్రం కలిసే ముఖద్వారం పూడిపోకముందు సరస్సులోకి ఏ చేపలు వచ్చేవి? 1971లో శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరినప్పుడు మీ ఒడ్డున ఏమనుకున్నారు? శ్రీహరికోట దీవిలో ఉన్న యానాదులను ఎరుగుదువా? ఇరకం దీవికి పెళ్లివాళ్లు పడవలో వెళ్తూ ఏం పాడేవాళ్లు? ఇలా అడుగుతూ పో, పాట దానంతటదే వస్తుంది. అది రాగానే ముందు మాటలన్నీ కట్ చేసి పారేసేవు! అవీ కావాలి. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ పనిలో పాడతారు, ఎవరి ముందు పాడకూడదు అన్నవన్నీ ఆ మాటల్లోనే ఉంటాయి.

మీ వైపు పాటల్లో తమిళం కలుస్తుంది. ఎలా పాడితే అలాగే ఉంచు. తెలుగు మాస్టార్లకు (నాకూ ఉందిలే ఆ జబ్బు) దిద్దాలని చెయ్యి దురద పెడుతుంది, దిద్దనివ్వకు.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, ఫ్యాన్ ఆపెయ్. గాలి హోరు ఎక్కువ కాబట్టి ఒడ్డున కంటే ఇంట్లోనే నయం. రికార్డర్ యాప్‌లో వేవ్ (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచేది) ఫార్మాట్ ఎంచుకుంటే సీడీ నాణ్యతలో మోనో (ఒకే చానల్) గంటకు దాదాపు 320 ఎంబీ అవుతుంది, అంతే. మొదట్లోనే తేదీ, ఊరు, పేరు చెప్పించు. "ఇది బయటివాళ్లు వినొచ్చా?" అని అడిగి ఆవిడ జవాబు ఆవిడ గొంతులోనే తీసుకో. చావు పాటల్లాంటివి ఇంటిదాకానే ఉంచమంటే ఉంచాలి. మీ అన్నయ్య మ్యూజిక్ సరదా కూడా ఆవిడ ఒప్పుకున్న పాటలకే, అదీ కాపీ మీద. అసలు ఫైల్ జోలికి రానివ్వకు.

ప్రశ్న: యూట్యూబ్‌లో పెట్టేస్తే ఇక భద్రమే కదా? వేరే దాచడమెందుకు?
- ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: కాదండీ. అక్కడ ఉండేది కుదించిన కాపీ. పాస్‌వర్డ్ మరిచినా, అకౌంట్ పోయినా అదీ ఉండదు. వాట్సాప్‌లో పంపినా ఆడియో నలిగిపోవచ్చు, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైల్ ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఒకటి ఉంచండి. సంగ్రహం పెద్దదైతే గురుగ్రామ్‌లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్ల సంగీత ఆర్కైవ్ ఉంది, 1982లో మొదలైంది. ఇలాంటి రికార్డింగులు దాచడమే వాళ్ల పని. రాసి అడగండి. ఎవరు వినొచ్చో, వినకూడదో ముందే కాగితం మీద పెట్టించుకోండి.