ట్రోమ్సో నుంచి లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కు ఎంత దూరం? విమానంలో ఎంతసేపు?

ఉత్తర నార్వేలో ఉన్న ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కు నేరుగా దాదాపు 960 కిలోమీటర్లు; టికెట్‌పై సుమారు గంటా నలభై నిమిషాలు ఉంటుంది.

960 కిలోమీటర్లను గంటకు 830 చొప్పున లెక్కేస్తే 70 నిమిషాలే వస్తుంది. కానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం ఆ వేగంతో వెళ్లదు కాబట్టి ఇంకో పది, పదిహేను నిమిషాలు కలపాలి. టికెట్‌పై రాసేది గాల్లో ఉండే సమయం కాదు, గేటు నుంచి గేటుకు పట్టేది. విమానం నేలమీద రన్‌వే దాకా వెళ్లడం, చలికాలంలో రెక్కలపై మంచు కరిగించే ద్రవం చల్లడం అందులోకే వస్తాయి. మంచు ఎక్కువైతే ఆలస్యం తప్పదు. దారి ఇంచుమించు ఉత్తర దక్షిణంగా ఉంటుంది. పడమటి గాలులు పక్కనుంచే తగులుతాయి గనుక రానూ పోనూ సమయంలో పెద్ద తేడా ఉండదు.

చాలామంది పొరబడేది మ్యాప్ చూసి. గోడకు వేలాడే మెర్కేటర్ పటంలో ఈ దూరం కశ్మీర్ నుంచి కన్యాకుమారి అంత కనిపిస్తుంది, అసలు దూరం అందులో మూడో వంతు కూడా లేదు. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ ఆ పటం సాగదీస్తుంది. ఈ దారి మధ్యలో, అంటే 74 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, సాగుడు మూడున్నర రెట్లు పైనే.

గడియారం మార్చక్కర్లేదు, రెండుచోట్లా ఒకటే సమయం. పాస్‌పోర్ట్ మాత్రం కావాలి: స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ప్రాంతం) పరిధిలో లేదు. భారతీయులైతే తిరుగు ప్రయాణానికీ చెల్లేలా షెంగెన్ వీసా రెండుసార్లు ప్రవేశించేదిగా తీసుకోవాలి.