పురానాపూల్ వరదలను ఎలా తట్టుకుంది?

ప్రశ్న: మా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ మీద, హైదరాబాదులోని పురానాపూల్‌ను మహమ్మద్ కులీ కుతుబ్ షా భాగమతి కోసం కట్టించాడంటారు. నిజమేనా? 1908 వరదలో అది ఎలా నిలిచింది?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ఆ ప్రేమకథకు తేదీలు ఒప్పుకోవు. వంతెన 1578లో పూర్తయింది. కట్టించినవాడు ఇబ్రహీం కుతుబ్ షా. ఆయన కొడుకైన మహమ్మద్ కులీకి అప్పటికి పన్నెండు పదమూడేళ్లు. తండ్రి 1580లో మరణించాక గద్దెనెక్కిన ఈ కొడుకే, జనంతో కిక్కిరిసి నీటికి కటకటలాడుతున్న గోల్కొండను వదిలి, 1591లో మూసీకి దక్షిణపు ఒడ్డున హైదరాబాదును నిర్మించాడు. అంటే చార్మినార్ కంటే వంతెనే పాతది, అవతలి ఒడ్డుకు రాజబాట వేసింది తండ్రే. ఆయనకు దక్కవలసిన పేరును కథ కొడుక్కు కట్టబెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను ప్యారిస్‌లోని పేరుమోసిన పాంట్ నెఫ్‌తో పోల్చి మెచ్చుకున్నాడు.

ఇక దాని బలం సంగతి. ఇరవైకి పైగా ఉన్న కమానుల్లో ఒకదాన్ని కింద నుంచి పరిశీలించండి: పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కిన రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి. పైనుంచి పడే బరువు వాటిని విడదీయకపోగా ఇంకా దగ్గరికి బిగించి, అటూ ఇటూ ఉన్న లావుపాటి స్తంభాల మీదుగా పునాదిలోకి దిగిపోతుంది. రాయి వంపును ఓర్వలేదు గాని నొక్కుడును ఎంతైనా ఓరుస్తుంది. కమాను దానికి ఆ పనే అప్పగిస్తుంది. రాళ్ల మధ్య గానుగ సున్నం సిమెంటులా బిగుసుకుపోక, చిన్న కదలికలకు లొంగి, సన్నని పగుళ్లను కొంతవరకు తానే పూడ్చుకుంటుంది.

అలాగని దానికి దెబ్బే తగలలేదనుకోకండి. 1820లో వరద తాకిడికి దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు చెడిపోయినా ఇది నిలిచింది. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి.

ఇప్పుడు దీనికి నీటి కంటే రాళ్ల సందుల్లో వేళ్లూనే రావి మొక్కలే ఎక్కువ ప్రమాదం. వాటిని వేళ్లతో సహా తీయించి, ఆ సందులను సిమెంటుతో కాకుండా మళ్లీ గానుగ సున్నంతోనే పూడ్చాలి. లోపలి తేమను బయటికి పోనివ్వని సిమెంటు పక్కనున్న రాతినే పెచ్చులూడగొడుతుంది.